ఊరికే ఉన్నారా?



ఈ వేళ వంట గురించీ కాదు, కుట్టుపని గురించీ కాదు. ఏ పనీ చేయకపోవడం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. నవ్వకండి. పని చేయకపోవడానికి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్క వేశారా? సోమరితనం, బద్ధకం, ఊరికే ఉండటం, ఖాళీగా ఉండటం, తీరిగ్గా కూర్చోవడం, చేతులు ముడుచుకుని కూర్చోవడం, గోళ్ళు గిల్లుకోవడం, ఈగలు తోలుకోవడం, రికామీగా తిరగడం, బలాదూరు తిరగడం, పొద్దుపుచ్చడం, కాలక్షేపం, విశ్రాంతి, సెలవు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే ఇంకో పది చెబుతారు.

ఒక మనిషి పని చేయకుండా కూర్చున్నాడని చెప్పడానికి ఇన్ని మాటలెందుకమ్మా అంటే, కూర్చున్నది ఎవరన్నదాన్ని బట్టి మాట మారిపోతుంది గనక. ఉద్యోగం చేసి దిగిన పెద్దాయన పడక కుర్చీలో వాలితే విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆఫీసరుగారు ఇంటిపట్టున ఉంటే సెలవులో ఉన్నారు. ఉన్నవాళ్ళ అబ్బాయి చదువయ్యాక రెండేళ్ళు ఇంటి దగ్గర ఉంటే ప్రయత్నాల్లో ఉన్నాడు. లేనివాళ్ళ అబ్బాయి అదే పని చేస్తే ఖాళీగా తిరుగుతున్నాడు. బేరాల్లేని కొట్టాయన ఈగలు తోలుకుంటున్నాడు. కూలిమనిషి మిట్టమధ్యాహ్నం చెట్టు నీడన చేరగిలబడితే సోమరిపోతు. ఇక మన సంగతి! తెల్లవారి నాలుగున్నరకి లేచి రాత్రి పదింటికి వంటిల్లు కడిగి పడుకునే మనిషి గురించి ఎవరైనా అడిగితే జవాబేమిటి? "మా ఆవిడ ఏమీ చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది."

ఈ మాటలు ఎక్కణ్ణించి వచ్చాయో, వీటి వెనక ఎవరి లెక్కలున్నాయో కొంచెం తవ్వి చూద్దాం. ఇందుకోసం మిమ్మల్ని భద్రాచలానికి పైన, గోదావరి ఎడమ ఒడ్డున, అడవి అంచున ఉన్న చర్ల దాకా తీసుకువెళ్తాను. ముందు మాటల సంగతి.

'ఊరక' అన్న మాటకి బ్రౌను దొర 1852లో అచ్చు వేయించిన నిఘంటువులో మౌనంగా అనీ, కారణం లేకుండా అనీ, పని లేకుండా అనీ అర్థాలు కనిపిస్తాయి. ఇవాళ మనం ఇంకా ఎన్ని రకాలుగా వాడుతున్నామో చూడండి. "ఏం వదినా ఇలా వచ్చావు?" అంటే "ఊరికే వచ్చాను" అంటాం, అందులో ప్రేమ ఉంది. "ఊరికే ఇచ్చారు" అంటే డబ్బు పుచ్చుకోలేదని. ఏడుస్తున్న పిల్లని దగ్గరికి తీసుకుని "ఊరుకోమ్మా" అంటే ఓదార్పు. "ఊరికే కూర్చుంటావేం?" అంటే మాత్రం దెప్పు. డబ్బు తీసుకోకుండా ఇచ్చేదీ ఊరికే, పని చేయకుండా ఉండేదీ ఊరికే. ఈ రెండూ ఒకే మాటలో ఇరుక్కున్నందువల్లనే కాబోలు, జీతం లేకుండా ఊరికే చేసే పని చివరికి ఊరికే ఉండటంగా లెక్కకొచ్చింది.

'తీరిక' మంచి మాట. తీరడం అంటే పూర్తి కావడం. పని తీరాక మిగిలినది తీరిక. అంటే దాని ముందు పని ఉన్నదని ఆ మాటే సాక్ష్యం చెబుతుంది. 'సెలవు' అంటే అనుమతి. "సెలవియ్యండి" అని పెద్దల దగ్గర లేస్తాం చూడండి, అది. ఇచ్చేవారొకరు ఉంటే తప్ప సెలవు లేదు. మనకి ఇచ్చేవారెవరు?

'బద్ధకం', 'సోమరితనం' ఒకటి కాదు. "ఇవాళ ఒళ్ళు బద్ధకంగా ఉందమ్మా" అని మన గురించి మనమే చెప్పుకుంటాం, సిగ్గేమీ లేదు. "నేను సోమరిదాన్ని" అని ఎవరైనా అనగా విన్నారా? సోమరి ఎప్పుడూ ఎదుటివాడే. బద్ధకం ఒంటికి వస్తుంది, పోతుంది. సోమరితనం మనిషికి పేరుగా అంటించేది. అంటించేవాడు సాధారణంగా పని చేయించుకునేవాడే.

ఇప్పుడు ఇంకో రకం మాటలు చూడండి. పోరంబోకు, బేవార్సు, బంజరు, ఖాళీ. పని చేయనివాణ్ణి తిట్టడానికి మొదటి రెండూ మన నోట తిరిగేవే. కాని ఇవి మొదట మనుషుల మీద అన్న మాటలు కావు. కచేరీ మాటలు, రికార్డు మాటలు. 'బేవార్సు' పారసీ మాట. వారసుడు లేని ఆస్తి అని. 'బంజరు' సాగు లేని నేల. 'ఖాళీ' అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఇల్లు ఖాళీ, కుండ ఖాళీ, ఉద్యోగం ఖాళీ. 'పోరంబోకు' తమిళం వైపు నుంచి వచ్చిన మాట. పుఱం అంటే బయట. శిస్తు లెక్కకి బయట పెట్టిన నేల అని దాని అర్థం.

ఆ పోరంబోకు ఏమిటో ఒకసారి పల్లెటూళ్ళో చూడండి. ఊరి చెరువు పోరంబోకు. బండ్ల బాట పోరంబోకు. పశువులు నిలిచే మంద పోరంబోకు. శ్మశానం పోరంబోకు. అంటే ఊళ్ళో తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా అందరూ తొక్కి తిరిగే చోటు, ఆడవాళ్ళు నీళ్ళు తోడుకునే చోటు, బట్టలుతుక్కునే చోటు, పిల్లలు ఆడుకునే చోటు, చివరికి మనల్ని మోసుకెళ్ళే చోటు. ఇంతగా వాడే నేల మరోటి లేదు. సర్కారుకి శిస్తు కట్టదు గనక పోరంబోకు. ఆ మాటే మెల్లగా పనికిమాలిన మనిషికి తిట్టయి కూర్చుంది.

సోదరీమణులారా, నేను చెప్పదలచిందంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. ఈ మాటలు మనిషి ఏం చేస్తున్నాడో చెప్పవు. ఎవరి పుస్తకంలో ఏ గడిలో ఏమి రాసి ఉన్నదో చెబుతాయి.

ఇప్పుడు చర్లకి వెళదాం. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా ఎగువకి సుమారు 60 కిలోమీటర్లు. దాని వెనక అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. ఎక్కువమంది కోయవారు. తాలిపేరు నది అక్కడే గోదావరిలో కలుస్తుంది. ఆ ఊరు ఎక్కడికీ కదలలేదు గాని దాని రికార్డు మాత్రం ఎన్ని కచేరీలు తిరిగిందో! నైజాం కింద ఉన్న ఆ ఎడమ ఒడ్డు తాలూకాలు 1860 ఒప్పందంతో ఇంగ్లీషువారి చేతికి వచ్చాయి. కొన్నాళ్ళు మధ్యపరగణాల లెక్కలో ఉన్నాయి. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లోనూ, నూగూరు, ఆల్బాక, చర్ల 1909లోనూ మద్రాసు రాజధాని కిందకి వచ్చి గోదావరి ఏజెన్సీలో చేరాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959 దాకా తూర్పుగోదావరి జిల్లా, ఆ తర్వాత ఖమ్మం జిల్లా. 2014లో చుట్టుపక్కల కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోగా చర్ల తెలంగాణలోనే నిలిచింది. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇన్ని సర్కార్లు మారినా ఒక్క మాట మాత్రం ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి చక్కగా ఎక్కుతూ వచ్చింది. కోయవారు పోడు కొడతారు, పోడు సోమరుల సేద్యం అని.

పోడు ఎలా చేస్తారో చెబుతాను, మీరే తీర్పు చెప్పండి. చలికాలం చివర అడవిలో ఒక చెక్క ఎంచి చెట్టూ చేమా కొడతారు. ఎండలకి అది ఎండుతుంది. వానలకి ముందు కాల్చుతారు. ఆ బూడిదలో జొన్న, సామ, కొర్ర, కంది చల్లుతారు. ఏ గింజ పడితే ఆ గింజ ఎప్పుడు పడితే అప్పుడు చల్లడానికి వీల్లేదు. విత్తనాల పండుగ జరిగాకనే గింజ నేలలో పడాలి. ఆ తర్వాత కలుపు, కాపలా, కోత. రెండు మూడేళ్ళు పండించాక ఆ నేలని వదిలి ఇంకో చోటికి పోతారు. వదిలిన చోట మళ్ళీ పొదలు లేచి, ఆకు రాలి, నేల కోలుకుంటుంది. కొన్నేళ్ళకి తిరిగి అక్కడికే వస్తారు.

గొడ్డలి పట్టి అడవి కొట్టడం సోమరుల పనేనా? అలా ఉంచండి. సర్కారువారికి కంటగింపయినది ఆ వదిలిన నేల. మైదానంలో కరణంగారి అడంగల్లో ప్రతి ఏడూ ప్రతి చెక్కకి ఎదురుగా పైరు పేరు రాయవలసి ఉండేది. పైరు లేకపోతే బీడు. పోడు నేల ఏడేళ్ళకో పదేళ్ళకో తిరిగి రావలసినదని ఏ గడిలో రాస్తారు? అందుకని అది ఉత్త అడవి, ఉత్త బంజరు, ఎవరిదీ కానిది.

మనకి ఈ సంగతి ఏ దొరా చెప్పనక్కర్లేదు. రాత్రి తోడుపెట్టిన పాలు కదలకుండా ఉంటేనే పెరుగవుతాయి. రుబ్బిన ఇడ్లీ పిండిని రాత్రంతా ముట్టుకోకుండా ఉంచుతాం. ఆవకాయ కలిపి జాడీలో పెట్టి మూడో నాటిదాకా మూత తీయం. ఆ మూడు రోజులూ జాడీ ఊరికే ఉందని ఎవరైనా అంటే "నీకు వంట రాదమ్మా" అంటాం. పోడు నేల ఆ జాడీ లాంటిది. నాగలి ఆగిన చోట నేల పని మానేయదు. ఆ ఆగడమే దాని ఎరువు. గిరాకీ పెరిగి, తిరగడానికి చోటు తగ్గి, ఆ నేలకి విశ్రాంతి కరువైనప్పుడే పంట కూడా తగ్గింది.

ఒక మాట తప్పుగా వాడితే ఏం పోతుందిలే అనుకుంటాం. రేకపల్లి ప్రాంతంలో మద్రాసు సర్కారు వచ్చాక పోడు మీద పన్ను బాగా పెంచారు, కొన్నిచోట్ల పోడే కూడదన్నారు. 1879లో రంపలో తిరుగుబాటు లేచినప్పుడు అది భద్రాచలం, రేకపల్లి వైపుకి పాకడానికి ఇదొక కారణం. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. రిజర్వు గీతలు గీశారు. మనిషి సోమరి అని ఒకసారి రాసుకున్నాక అతనిచేత పని చేయించడం మేలు చేసినట్టవుతుంది గదా! రోడ్లకీ, ఆఫీసర్ల సామాను మోతకీ ఏజెన్సీలో వెట్టి పట్టడం, కూలి సరిగా ఇవ్వకపోవడం మామూలయింది. గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు రోడ్డు పనుల్లో చేయించిన అన్యాయం 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడవడానికి ఒక కారణమైన సంగతి మీ పిల్లల పాఠాల్లో చదివే ఉంటారు.

చర్లకి వెళ్ళే దారిలో దుమ్ముగూడెం దగ్గర గోదావరి మీద ఒక పాత ఆనకట్ట ఉంది. నావలు ఎగువకి పోవడానికని ఇంగ్లీషువారు తలపెట్టిన పెద్ద పథకంలో అదొక భాగం. ఎన్నో ఏళ్ళు పని చేసి, ఖర్చు తట్టుకోలేక 1871లో ఆ పథకం ఆపేశారు. నదిలో సగంలో వదిలేసిన ఆ పనిని 'నిలిపివేత' అన్నారే గాని, ఎవరూ 'సోమరితనం' అని రాయలేదు. మాట ఎవరి చేతిలో ఉంటే వారికి అనుకూలంగా నడుస్తుంది మరి.

ఇక చర్ల ఆడవాళ్ళ ఏడాది చూడండి. వ్యవసాయ శాఖల లెక్కలో కోతలయ్యాక వానలు పడేదాకా 'పని లేని కాలం'. ఆ పని లేని కాలంలో చింతకాయ దులిపి, కొట్టి, గింజ తీసి, చింతపండు చేస్తారు. ఉగాది రోజుల్లో ఇప్పపువ్వు. అది రాత్రి రాలుతుంది గనక తెల్లవారకముందే బుట్టలతో చెట్టు కిందకి వెళ్ళాలి; ఆలస్యమైతే పశువుల పాలు. తెచ్చి ఎండబెట్టాలి. దాని వెనకే మండుటెండల్లో తునికాకు. తెల్లవారుజామున అడవికి పోయి కోసుకొచ్చి, మధ్యాహ్నం ఇంటి ముందు కూర్చుని యాభై ఆకులకి ఒక కట్ట చొప్పున కట్టి, సాయంత్రం కల్లానికి తీసుకుపోయి అప్పగించాలి. మన దగ్గర బీడీ కాల్చే ప్రతి ఒక్కరి చేతిలోనూ ఆ 'పని లేని కాలం' ఉందన్నమాట. మధ్యలో అడ్డాకు, జిగురు, చీపుళ్ళు. ఇలాంటి సరుకు కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. మరి పని లేనిది ఎవరికి? పుస్తకానికి.

ఈ పుస్తకం చర్లలోనే ఆగలేదు సోదరీమణులారా. మన గడప దాకా వచ్చింది.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లండు జనాభా లెక్కల్లో ఇల్లు నడిపే ఆడవాళ్ళకి పని చేసేవారిలోనే చోటుండేది. 1881 లెక్కల్లో వారిని తీసి ఏ వృత్తీ లేనివారిలో కలిపారు. ఒక్క పొద్దులో లక్షలమంది ఆడవాళ్ళు పని మానేశారా? లేదు, గడి మారింది. మన దేశంలో చూడండి. 1961 లెక్కల్లో పనుల రోజుల్లో రోజుకి గంట పైగా క్రమంగా పని చేసినా శ్రామికురాలే అన్నారు. దాదాపు 6 కోట్లమంది ఆడవాళ్ళు లెక్కకొచ్చారు. 1971లో ప్రశ్న మార్చారు. "నీ ముఖ్యమైన పని ఏమిటి?" అన్నారు. ఇంటి పని అని చెప్పిన పాపానికి శ్రామిక స్త్రీల సంఖ్య 3 కోట్ల పైచిలుకుకి పడిపోయింది. పదేళ్ళలో జనం పెరిగారు, కలుపు తీసే చేతులు అవే, పాలు పితికే చేతులు అవే. ప్రశ్న ఒక్కటే వేరు.

2001 లెక్కల్లో ఇంటి పని చేసుకునేవారిని 'పని చేయనివారు' అన్న గడిలో పెట్టారు. ఆ గడిలోనే యాచకులు, వ్యభిచార వృత్తిలోనివారు, జైళ్ళలో ఉన్నవారు కూడా ఉన్నారు. ఇది నా కోపం కాదు. 2010 జూలైలో సుప్రీంకోర్టే అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో ఈ సంగతి ఎత్తి చూపి, ఇది మనుషుల్ని కించపరచడమని మందలించింది.

కోర్టుకెందుకు వచ్చింది ఈ గొడవ? ఆ ఇల్లాలు రోడ్డు ప్రమాదంలో పోయింది. ఆమె ప్రాణానికి నష్టపరిహారం ఎంత అని తేల్చాలి. సంపాదించే మనిషైతే జీతం చూస్తారు. 'ఏమీ చేయని' మనిషికి ఏమి చూస్తారు? మోటారు వాహనాల చట్టానికి 1994లో చేర్చిన పట్టికలో సంపాదన లేనివారికి ఏడాదికి 15,000 రూపాయలు ఊహా ఆదాయమనీ, భార్య అయితే భర్త ఆదాయంలో మూడో వంతు అనీ రాశారు. అంటే ఒకే పని చేసే ఇద్దరు ఇల్లాళ్ళ శ్రమకి, వాళ్ళ మగవాళ్ళ జీతాన్ని బట్టి వెల. గుమాస్తా భార్య వండిన అన్నం ఒక ధర, ఇంజనీరు భార్య వండింది ఒక ధర! అంతకుముందు 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో 2001లో సుప్రీంకోర్టు నడివయసు గృహిణుల సేవలకి నెలకి 3,000 రూపాయలు కట్టింది. చాలా తక్కువే, కాని సున్నా కాదు. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ, మన తెలుగువారే, ఈ లెక్కని ఇంకొంచెం సూటిగా చెప్పారు. 2011 జనాభా లెక్కల్లో తమ ముఖ్యమైన పని ఇంటి పనే అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లు. మగవారు 58 లక్షలు. ఇంటి పనికి ఆదాయం కట్టడమంటే ఆ పనికి గుర్తింపు ఇవ్వడమేనని ఆయన అభిప్రాయం.

చూశారా, 'ఏమీ చేయదు' అని నవ్వుతూ అన్న మాట ఒక తల్లి లేని బిడ్డల చేతికి వచ్చే డబ్బుని తగ్గించగలదు.

పని చేశామో లేదో తేల్చడానికి గడియారం చూడటం ఒక పద్ధతి. కేంద్ర ప్రభుత్వం వారు 2019లో, మళ్ళీ 2024లో, ఎవరు ఏ పనికి ఎంత సేపు ఖర్చు పెడుతున్నారో ఇంటింటికీ తిరిగి రాసుకున్నారు. జీతం లేని ఇంటి పని చేసేవారిలో ఆడవాళ్ళు 2019లో రోజుకి సగటున 299 నిమిషాలు, 2024లో 289 నిమిషాలు చేశారు. అదే పనికి చేయి వేసిన మగవారు 97 నిమిషాలు, 88 నిమిషాలు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకోవడం ఇందులో కలపలేదు, అది వేరే లెక్క. దాదాపు ఐదు గంటల 'ఊరికే ఉండటం' అన్నమాట, రోజూ, ఆదివారాలతో సహా.

ఆదివారం అంటే గుర్తొచ్చింది. మన పల్లెల్లో అమావాస్య నాడు అరక కట్టరు. ఎద్దుకి ఆ రోజు విశ్రాంతి. కోయపల్లెల్లో పండుగ రోజుల్లో పొలం పని ఆగిపోతుంది. గుమాస్తాకి ఆదివారం, బడిపిల్లలకి వేసవి. వంటింటికి ఏ తిథి ఉంది చెప్పండి? పండగ వస్తే పని రెట్టింపు. అందుకే కాబోలు, మన విశ్రాంతికి మనం వాడే మాటలు కూడా చాలా చిన్నవి. 'కాస్త నడుం వాల్చాను', 'ఒక్క కునుకు తీశాను', 'అలా ఒరిగాను'. ప్రతిదాని ముందూ ఒక కాస్త, ఒక అలా, ఒక క్షణం. తలుపు చప్పుడైతే జుట్టు సర్దుకుంటూ లేస్తూ "అబ్బే, నిద్రేం లేదు, ఊరికే కళ్ళు మూసుకున్నాను" అని సంజాయిషీ. పడక కుర్చీలో పెద్దాయన ఇలాంటి సంజాయిషీ ఇవ్వగా ఎవరూ చూడలేదు.

మాట మారితే అన్నీ మారిపోతాయని నేను చెప్పడం లేదు. చర్ల సంగతే చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక, 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ సాగులో ఉన్నవారికి హక్కు ఇవ్వాలన్నారు. 2023లో తెలంగాణలో సుమారు లక్షన్నరమందికి 4 లక్షల ఎకరాల పైగా పోడు పట్టాలిచ్చారు. అది చిన్న సంగతి కాదు. పోడు అన్న మాట నేరం గడిలోంచి హక్కు గడిలోకి వచ్చింది. కాని పట్టా ఇచ్చేది సాగులో ఉన్న నేలకే. విశ్రాంతిలో ఉన్న నేలని తనదని చూపడం ఇవాళ కూడా కష్టమే. అందుకని నేలకి విశ్రాంతి ఇచ్చే అలవాటే పోయి, ఒకే చెక్కని ఏటా దున్నుతున్నారు. పుస్తకంలో గడి లేకపోతే విశ్రాంతి కూడా బతకదు. మన విషయంలో కూడా అంతే కాదూ?

అందువల్ల మనం చేయగలిగిన రెండు మూడు పనులు చెబుతాను. 2011 తర్వాత ఆగిపోయిన జనాభా లెక్కలకి 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రభుత్వం 2025లో ప్రకటించింది. లెక్కలవారు వచ్చి అడిగినప్పుడు "ఏమీ లేదండీ" అని లోపలికి వెళ్ళిపోకండి. పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నారా? పిల్లలకి చదువు చెబుతున్నారా? రవికెలు కుడుతున్నారా? ఇంటి కొట్టులో రెండు పూటలా కూర్చుంటున్నారా? గేదె పాలు పోస్తున్నారా? అన్నీ చెప్పండి, ఏడాదిలో ఎన్ని నెలలో చెప్పండి. మీ తరఫున ఇంకెవరైనా జవాబు చెబుతుంటే పక్కన నిలబడి వినండి. తప్పు చెబితే దిద్దండి.

రెండోది, ఎదుటివారి మీద ఈ మాటలు అనే ముందు ఒక్క క్షణం ఆగండి. మీ ఇంట్లో పాత్రలు తోమే అమ్మాయి గోడకి చేరగిలబడితే అది బద్ధకమా, మూడిళ్ళ పని తీరాక వచ్చిన తీరికా? అడవిలో మనుషులు సోమరులని బస్సులో ఎవరైనా అంటే, వారి జేబులో బీడీకట్ట ఉందేమో చూడండి.

మూడోది, మధ్యాహ్నం పూట నడుం వాల్చినప్పుడు 'కాస్త' తీసేయండి. పని తీరింది గనక కూర్చున్నాను, ఇది నా తీరిక అని చెప్పండి. తోడుపెట్టిన పాలకి ఇచ్చే మర్యాద మనకి మనం ఇచ్చుకోకపోతే ఎలా?

సెలవు అంటే అనుమతి అని ఇందాక చెప్పుకున్నాం గదా. మీ అనుమతితో, ఇక సెలవు.